ఎలక్ట్రాన్లకు నిరభ్యంతర పత్రం

ఎలక్ట్రాన్లు మోటారు వాహనాలు కావని మన ప్రాంతంలో అధికారికంగా తేలింది 2004లోనే. అంతకుముందు ఈ విషయంలో ప్రజలు చీకట్లో ఉండేవారు. వెలుగు తెచ్చిన ఘనత హిందూపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ చెప్పే ప్రేమలతకు దక్కుతుంది.

ఆమెకు బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో మూడు నెలలు పనిచేసే అవకాశం వచ్చింది. జూలై పదిహేనులోపు చేరాలి. ఎనిమిదేళ్లుగా రోజూ ఇంటి పని ముగించుకున్నాక రాసుకున్న లెక్కలు సరైనవో కావో అక్కడి యంత్రాల మీద తేలుతుంది. సెలవు దరఖాస్తు తెలుగులోనే ఉండాలన్నారు కనుక, విషయం దగ్గర ‘అర్ధవాహక క్వాంటం తీగ ట్రాన్సిస్టర్లలో ఎలక్ట్రాన్ల రవాణా’ అని రాసింది. తెలుగు మీద గౌరవం కొద్దీ చేసిన తప్పు అదొక్కటే.

ఆఫీసు సూపరింటెండెంట్ సంజీవప్ప కళ్లజోడు సవరించుకున్నాడు.

“ఈడ రవాణా అని ఉండాది కదా మేడం. ఆ శాఖోళ్లు అభ్యంతరం లేదని రాసియ్యల్ల.”

“ఇది బస్సుల రవాణా కాదు సార్.”

“ఆ మాటే వాళ్లను రాసియ్యమంటాండా.”

ప్రేమలత పెనుకొండ పోయింది. అక్కడి వాహనాల అధికారి చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, విషయం మొత్తం విన్నాడు. వెంట్రుకను కొన్ని వేల పోగులుగా చీలిస్తే వచ్చేంత సన్నని తీగ అనీ, అది బాగా పొట్టిదైతే ఎలక్ట్రాన్లు దేన్నీ గుద్దుకోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు పోతాయనీ ఆమె చెప్పింది.

“గుద్దుకోకుండానా!” ఆయన ముచ్చటపడ్డాడు. “మొత్తం ఎన్నుంటాయి?”

“లెక్కపెట్టలేం సార్.”

“అయితే ఓవర్‌లోడే.”

నాలుగు వారాల తర్వాత పత్రం వచ్చింది. “సదరు ఎలక్ట్రాన్లు మోటారు వాహనముల నిర్వచనము కిందకు రానందున, వాటిని ప్రధాన రహదారులపై నడపనంతవరకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు.”

సంజీవప్ప సంతోషించి, ‘తీగ’ కింద ఎర్ర గీత గీశాడు. ఆ తీగ కోసం ప్రేమలత ధర్మవరం పోయింది. కరెంటు ఇంజనీరు స్తంభాలెన్ని అని అడిగాడు. లేవంది. తీగ కంటికి కనబడుతుందా అన్నాడు. కనబడదంది.

“కనబడని తీగంటే దొంగ కనెక్షనే కదమ్మా,” అని ఆయన జాలిపడి, తనిఖీకి లైన్‌మన్ మారెప్పను పంపాడు. మారెప్ప ఫిజిక్స్ ల్యాబులో బల్లల కింద కూడా టార్చి వేసి వెదికి, “తీగ కానరాలేదు. తొలగించబడినట్లు భావించవచ్చును” అని నివేదిక ఇచ్చాడు. ప్రేమలత నవ్వబోయింది. గోడ మీది క్యాలెండర్‌లో జూలై పన్నెండు కనబడి ఆగిపోయింది.

ఆ నివేదిక మీద కరెంటు శాఖ కూడా నిరభ్యంతర పత్రం ఇచ్చాక, సెలవు సెప్టెంబరు మూడున మంజూరైంది. ఆ స్థానంలో వేరొకరు చేరిపోయారని బెంగళూరు నుంచి అప్పటికే ఉత్తరం వచ్చి ఉంది. దాన్ని ఆమె తన లెక్కల నోటు పుస్తకంలో పెట్టి, క్లాసుకు వెళ్లి ఓమ్ నియమం చెప్పింది. ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు.

కళాశాల మాత్రం ఊరుకోలేదు. సన్మానం చేసింది. “మన కళాశాల చరిత్రలో రెండు శాఖల నిరభ్యంతర పత్రములు సాధించిన తొలి భౌతిక శాస్త్రవేత్త వీరే!” అని ప్రిన్సిపాల్ గద్గద స్వరంతో ప్రకటించారు. శాలువా కప్పారు. మనమంతా చప్పట్లు కొట్టాం.

మూడేళ్లకు ప్రేమలత ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ అయింది. మొదటి వారంలోనే కెమిస్ట్రీ చెప్పే హరీష్ దరఖాస్తు తెచ్చాడు. హైడ్రోజన్ బంధాల విచ్ఛేదన మీద పరిశోధనకు సెలవు కావాలి. ఆమె రెండుసార్లు చదివింది. పెన్ను తీసి, “బంధవిచ్ఛేదన కుటుంబ వ్యవహారము అగునో కాదో ప్రభుత్వ వకీలు అభిప్రాయము జతపరచవలెను” అని రాసింది.

“మేడం, ఇది కెమిస్ట్రీ,” అన్నాడు హరీష్.

“నాకు తెలుసప్పా. అయినా కాగితమంటూ ఉంటే నీకే మంచిది,” అంటూ సంతకం చేసింది. గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది.

హరీష్ బయటికొచ్చి, వకీలు యాడుంటాడని ఆఫీసులో అడిగాడు. ఒక్కరూ నవ్వలేదు. పెనుకొండ బస్సు ఎన్ని గంటలకో చెప్పారు.