బుల్లయ్య హార్మోను సాగు

మగవాడి హార్మోను పరీక్షను మించిన వరం ఈ దేశానికి ఇంకొకటి రాలేదు! నవ్వకండి. హరిత విప్లవం వచ్చి ఏం లాభం, పండించే మగాడి హార్మోను లెక్క తేలనప్పుడు? కావాలంటే అద్దంకి పక్కన మిర్చీ పత్తీ వేసే బుల్లయ్యను అడగండి.

రెండు వేల అయిదో సంవత్సరం దాకా బుల్లయ్య తన మగతనం గురించి బెంగపెట్టుకున్న పాపాన పోలేదు. యాభై దాటాయి. మధ్యాహ్నం భోంచేస్తే కునుకొచ్చేది. అది గోంగూర పచ్చడి మహిమ అనుకునేవాడు. ఎంత అజ్ఞానం! కేబుల్ టీవీలో తెల్లకోటాయన "అది నిద్ర కాదు, హార్మోను లోపం" అని తేల్చేశాడు. పూత రాలిపోతున్న మిరపతోట కళ్ల ముందు మెదిలింది.

రైతుకి తెగులొస్తే ఎక్కడికెళ్లాలి? పురుగుమందుల కొట్టుకే! కొట్టు నడిపే రంజానుని అడిగాడు:

"ఒరేయ్ రంజానూ, పూత నిలవడానికి మిరపకి కొడతామే హార్మోను మందు, అది మనుషులకి ఎంత డోసురా?"

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా! అది మొక్కలకి. ముందు ఒంగోలు పోయి రక్తం చూపించుకో."

చూపించుకున్నాడు. రిపోర్టులో 'నార్మల్' అని వచ్చింది. బుల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. పక్క చేనువాడి కంటే ఒక బస్తా అయినా ఎక్కువ పండకపోతే అన్నం సయించని మనిషికి నార్మల్ ఏమిటండీ?

ఇక సాగు మొదలైంది. ఒకే మందు కొట్టి ఊరుకునే రైతు ఈ వైపు ఎవడున్నాడు? అశ్వగంధ పొడి, డబ్బా ప్రోటీను, జింకు బిళ్లలు, వెల్లుల్లి, పచ్చిగుడ్డు అన్నీ ఒకే చెంబులో పోసి, డ్రమ్ములో మందు కలిపినట్టు పుల్లతో గిరగిరా తిప్పి తాగేవాడు. జబ్బు ఊరంతా అంటుకుంది. టీకొట్టు దగ్గర దిగుబడి సంగతి మానేసి "ఏరా, నీకెంతొచ్చింది?" అని హార్మోను అంకెలు పోల్చుకునేవాళ్లు. శాస్త్రీయ దృక్పథమంటే అదీ!

మళ్లీ పరీక్షకు వెళ్తే, ల్యాబువాళ్లు "భర్తకు చేయిస్తే భార్యకు ఉచితం" అన్నారు. ఉచితం వదులుకుంటే పాపం కదా! భార్య సుబ్బరావమ్మ చేతా రక్తం ఇప్పించాడు. తెల్లారి లేచి ఆయనకు గుడ్లూ పాలూ అన్నీ అమర్చి, ఆ తర్వాత పత్తి తీయడానికి పోయే మనిషి ఆవిడ.

డాక్టరు రెండు రిపోర్టులూ చూశాడు.

"మీరు గుండ్రాయిలా ఉన్నారు బుల్లయ్యగారూ. అమ్మగారికే ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం లేదు. ఏమ్మా, కళ్లు తిరగడం లేదూ?"

"తిరుగుతాయండి. కాసేపు గట్టు మీద కూచుంటే సర్దుకుంటాయి."

బుల్లయ్య నోరెళ్లబెట్టాడు. "మరి నాకు చెప్పలేదేమే?"

"చెప్పానుగా. ఎండకి అట్టాగే ఉంటదిలే అన్నారు."

పాపం, బుల్లయ్యకు నిజంగానే సిగ్గేసింది. తల దించుకున్నాడు. డాక్టరు ఆవిడకు ఐరన్ బిళ్లలు రాసిచ్చాడు. బుల్లయ్య ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, భార్యను బయట కూచోమని పంపి, గొంతు తగ్గించి అడిగాడు:

"డాక్టరుగారూ, ఈ బిళ్లలు మగాళ్లకి కూడా పనిచేస్తాయాండీ?"