అత్తగారి ఆకలీ, ఆఖరి కింగ్ సాల్మనూ

ఓరిన్ టాల్మన్‌కి అత్తగారంటే భయం లేదు. ఆవిడ ఆకలంటేనే భయం.

రాగ్నా గారు ఫిబ్రవరిలో వారం రోజులుండటానికి అలాస్కా దక్షిణ తీరంలోని పీటర్స్‌బర్గ్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌లోని తమ ఇంటికి వస్తున్నారని భార్య మారిట్ చెప్పగానే అతను గరాజులోకి వెళ్ళి, ఫ్రీజరు పెట్టె మూత ఎత్తి, నడుము దాకా లోపలికి వంగిపోయాడు. మూస్ దుప్పి మాంసం కింద, బ్లూబెర్రీ సంచుల కింద, అట్టడుగున భద్రంగా ఉంది కింగ్ సాల్మన్, ఒక పక్క బద్ద. జూన్‌లో కాపర్ నది ఒడ్డున నడుముని బండరాయికి తాడుతో కట్టేసుకుని, ఏడు గంటలు వల పట్టుకుని నిలబడితే పడ్డ చేప. ఇంటికి ఒక్క కింగే పట్టాలని రూలు. రెండో బద్ద నవంబరు పండక్కే అయిపోయింది. ఇది మార్చిలో తన పుట్టినరోజుకి.

"మా అమ్మకి కనబడకుండా ఎక్కడ దాచాలా అని చూస్తున్నావా?" వెనక నుంచి మారిట్ అంది.

"ఛ ఛ! ఫ్రీజరు చల్లగా ఉందో లేదో చూస్తున్నా."

"బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంది. గోడ పక్కన పెట్టినా గడ్డకడుతుంది మహానుభావా!"

దాచడం వల్ల లాభం లేదని ఓరిన్‌కీ తెలుసు. ఆవిడ కోటు విప్పకముందే ఫ్రీజరు విప్పే మనిషి. అందుకే వేరే ఎత్తు వేశాడు. డెబ్భై మూడేళ్ళావిడ. స్కీల మీద ఓ అయిదు కిలోమీటర్లు తిప్పితే, సాయంత్రానికి ఇంత సూపు తాగి పడుకుంటుంది. సూపుకి మామూలు రెడ్ సాల్మన్ చాలు.

రాగ్నా గారు వచ్చారు. అనుకున్నట్టే ముందు ఫ్రీజరు తెరిచారు.

"ఈ కింగ్ ఎప్పుడు వండుతున్నావ్ అబ్బాయ్?"

"వండుదాం అత్తయ్యా! ముందు అలా స్కీలేసుకుని ఓ తిరుగు తిరిగొద్దాం."

ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. అయిదు కిలోమీటర్లూ పాట పాడుకుంటూ వెళ్ళి, పాట పూర్తి కాలేదని మరో కిలోమీటరు వెళ్ళారు. ఇంటికొచ్చి మూడు గిన్నెల సూపు, సగం రొట్టె లాగించారు.

"ఈ గాలికి ఆకలి భలే వేస్తుందబ్బాయ్!"

ఓరిన్ మందు మోతాదు చాలలేదనుకున్నాడు. మర్నాడు పది కిలోమీటర్లు. ఆవిడ కొండ ఎక్కి ఎదురుచూస్తుంటే, ఇతను ఒక అడుగు ముందుకీ రెండడుగులు వెనక్కీ జారుతూ ఎక్కాడు. ఆ రాత్రి భోజనంలో వెన్న రాసిన బంగాళాదుంపలతో రెండు రెడ్ సాల్మన్ బద్దలు మాయమయ్యాయి. పొద్దున్నే అట్ల మీదికి సీసాడు పొగబెట్టిన సాల్మన్ కూడా పోయింది.

"నీ పథకం దివ్యంగా సాగుతోంది," అంది మారిట్ గిన్నెలు తోముతూ.

"పథకమేంటి?"

"అదే, మా అమ్మని అలసగొట్టేది. ఇలాగే నాలుగు రోజులు అలసగొట్టావంటే ఫ్రీజర్లో ఐసుముక్కలే మిగుల్తాయి."

మూడోరోజు ఓరిన్ తెగించి పదిహేను అన్నాడు. సన్నగా మంచు రాలుతోంది. స్ప్రూస్ చెట్ల సందుల్లోంచి ఎండ గులాబీరంగులో పడుతోంది. స్కీలు సుయ్‌మంటూ సాగుతుంటే అసలెందుకు బయల్దేరాడో మర్చిపోయి అతనికీ హాయిగానే అనిపించింది. ఆఖరి కొండ దిగుతూ ఆ హాయిలోనే కళ్ళు మూశాడు. తెరిచేసరికి తల మంచులో ఉంది, స్కీలు ఆకాశంలో ఉన్నాయి.

"ఊపిరాడుతోందా అబ్బాయ్?" అంటూ అత్తగారు కాళ్ళు పట్టుకుని ముల్లంగిని పీకినట్టు పీకారు.

ఇంటికొచ్చి వేడివేడి సౌనా ఆవిరిగదిలో కూర్చుని, అయిదింటికి "అయిదే నిమిషాలు" అని సోఫా మీద ఒరిగాడు.

వెన్న వాసనకి మెలకువ వచ్చింది. ఎనిమిదయింది. బల్ల మీద కింగ్ సాల్మన్ పళ్ళెం ఉంది గానీ అందులో కింగ్ లేదు. తోలు కూడా లేదు.

"నన్ను లేపలేదే!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"మూడుసార్లు లేపాం. 'ఇంకా ఎన్ని కొండలత్తయ్యా' అని అటు తిరిగి పడుకున్నావ్," అంది మారిట్.

రాగ్నా గారు మూతి తుడుచుకున్నారు. "మా ఆయన కూడా ఇంతే. చేప మిగల్చాలని మా అమ్మచేత పగలంతా పడవకి తెడ్డు వేయించాడు. ఆవిడ పడవ దిగగానే హాలిబట్ చేపంతా తినేసింది. అల్లుళ్ళందరికీ ఒకటే బుర్ర అబ్బాయ్!"

ఆవిడ పొయ్యిలోంచి చిన్న ప్లేటు తీసి ముందు పెట్టారు. మొప్పల వెనకుండే మెడముక్క, అంచులు ఎర్రగా వేగి, నూనె కారుతోంది.

అయిష్టంగానే నోట్లో పెట్టుకున్నాడు. ముక్క కరిగిపోయింది. అతనూ కరిగిపోయాడు.

"ఇంత రుచి ఎక్కడ దాగుందత్తయ్యా ఇన్నాళ్ళూ?"

"చేప మెడ దగ్గరే. నవంబరులో తిన్న బద్ద మెడముక్క ఏం చేశావ్?"

"పక్కింటి కుక్కలకి వేశాను..."

రాగ్నా గారు కూతురి వైపు తిరిగారు. "నిన్ను ఆ పక్కింటికే కోడలిగా ఇవ్వాల్సింది."

ఓరిన్ వేళ్ళు నాకుతూ, "రేపు ఎన్ని కిలోమీటర్లత్తయ్యా?" అన్నాడు, ఈసారి మనస్ఫూర్తిగా.

"ఇరవై. నేనూ అమ్మాయీ వెళ్తాం, నువ్వు రావద్దు నాయనా! నిన్ను పీకీ పీకీ నా నడుం పట్టేసింది. ఇంట్లో ఉండి సూపు కాచు. మాకు ఆకలేస్తుంది."