ఉప్పు చూసి చెప్పండి

మధ్యాహ్నం దాటాక ఏమీ తినకుండా శీలం పట్టే రోజు కాబట్టి బువావన్ తెల్లటి పైట వేసుకుని పొద్దున్నే బౌద్ధ విహారానికి బయల్దేరింది. పోతూపోతూ మూడు కిలోల గొడ్డు మాంసమూ, తన వంటింటి కత్తీ అల్లుడు సోమ్‌ఫోన్‌కు అప్పజెప్పింది. ఆమెకు మణికట్టు బెణికి వారమైంది. శనివారం మనవరాలి చేతికి దారాలు కట్టే వేడుక. బంధువులు వచ్చేదే ఆమె చేతి వరుగుల కోసం.

"పీచు వెంట పొడుగ్గా కొయ్యి. వెల్లుల్లి, నిమ్మగడ్డి, నువ్వులు, చక్కెర, చేపల సాస్. సాయంత్రం దాకా ఎండనివ్వు."

"సాస్ ఎంత పోయాలి అత్తయ్యా?"

"చెయ్యి చాలంటుంది. అప్పుడు ఆపు."

"బాగా కుదిరితే?"

"కుదిరితే ఈ కత్తి నీదే. చెడగొట్టావో, మళ్ళీ నా వంటింటి గడప తొక్కకు."

ఇల్లరికం వచ్చి ఎనిమిదేళ్ళయినా ఆ ఇంట్లో సోమ్‌ఫోన్‌కు ఉల్లిపాయ కోసే యోగం కూడా పట్టలేదు. ఆ కత్తి మీద అతనికి ఎంత ఆశో చెప్పలేం. శ్రద్ధగా కోశాడు, కలిపాడు, సాస్ పోస్తూ చెయ్యి ఏమంటుందోనని చూశాడు. చెయ్యి ఏమీ అనలేదు. సగం సీసా అయ్యాక భయం వేసి తనే ఆపాడు. ముక్కలన్నీ వెదురు తట్టలో పరిచి, వీధివైపు రేకుల కప్పు మీద పెట్టి, కింద కాకుల్ని తోలుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి అనుమానం ముదిరింది. ఒక ముక్క వేయించి తిన్నాడు. ఒకసారి ఉప్పగా, ఒకసారి చప్పగా అనిపించింది. అంతలో ఖెన్ బాబాయ్ అటుగా వచ్చాడు.

మా వీధిలో తింటున్నవాడు దారిన పోయేవాణ్ణి "రండి, తినండి" అని పిలవాలి. కడుపు కాలిపోతున్నా సరే, అవతలివాడు "ఇప్పుడే తిన్నా" అనాలి. దానివల్ల ఇంతవరకూ ఎవరికీ మెతుకు నష్టం రాలేదు. సోమ్‌ఫోన్ మాత్రం, "బాబాయ్, కాస్త ఉప్పు చూసి చెప్పండి" అన్నాడు. దీనికి చెప్పాల్సిన జవాబు మా పెద్దలెవరూ మాకు నేర్పలేదు.

ఖెన్ వేయించిన ముక్క ఒకటి నమిలాడు. రూఢి చేసుకోవడానికి ఇంకోటి నమిలాడు. "చప్పగా ఉందిరా!"

సోమ్‌ఫోన్ తట్టంతా సాస్ చల్లాడు.

"ఇదేం ఉప్పయ్యా, నాలుక ఊడిపోతోంది! చక్కెర దట్టించు" అంది ఎదురింటి ఫేంగ్ వదిన.

దట్టించాడు. సైకిళ్ళు బాగుచేసే లా వచ్చి, "పాయసం ఎండబెడుతున్నావా బావా? మిరియాలు తగిలించు" అన్నాడు. అదీ అయింది. ప్రతిసారీ ముక్కలు వేయించి చూపిస్తుంటే వాసన వీధి చివరి దాకా పోయింది. పిలవనివాళ్ళు కూడా జిగురన్నం బుట్టలు చంకన పెట్టుకుని, "ఉప్పు చూద్దామని వచ్చాం" అంటూ దిగారు. గొంతు తడవందే ఉప్పు తెలియదని ఎవరో బీరు తెచ్చారు. సోమ్‌ఫోన్ తేరుకుని చూసేసరికి తట్టలో నువ్వులే మిగిలాయి.

అప్పుడే బువావన్ తిరిగొచ్చింది. కత్తి సంగతి సరే, ఎనిమిదేళ్ళకు అప్పజెప్పిన ఒక్క పనీ పాడుచేశానని సోమ్‌ఫోన్‌కు ఏడుపొచ్చింది.

అతను నోరు తెరిచేలోపే ఖెన్, "వదినా, ఇన్నేళ్ళుగా తింటున్నాం గానీ ఇవాళ్టి రుచి ఎప్పుడూ లేదు!" అన్నాడు.

"చెయ్యి బెణికాక ఇంకా తిరిగింది అత్తా నీ చెయ్యి!" అంది ఫేంగ్. ఆ వరుగులు అల్లుడు చేశాడన్న ఊహే ఎవరికీ రాలేదు. "శనివారం మేమంతా వస్తాం. ఇదే రుచి ఉండాలి!"

శీలం పట్టిన రోజున అబద్ధమాడకూడదు. బువావన్ ఆడలేదు. నవ్వి ఊరుకుంది.

లోపలికి వెళ్ళాక అల్లుణ్ణి అడిగింది. "రేపటికి నాకో ముక్క ఉంచావా?"

"లేదు అత్తయ్యా. అసలు ఏమైందంటే..."

"ఏమీ చెప్పకు." కత్తి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "రేపు ఆరు కిలోలు. అచ్చం ఇవాళ్టిలాగే. తేడా వస్తే పోయేది నా పరువు."

సోమ్‌ఫోన్ ఆ కత్తిని తలకింద పెట్టుకోలేదు గానీ, పెట్టుకున్నంత పని చేశాడు. తెల్లారగానే కాగితం, పెన్సిలు పట్టుకుని గడప గడపకూ తిరిగాడు. నిన్న ఏం వెయ్యమన్నారో, ఎంత వెయ్యమన్నారో గుర్తు చేసుకోమని బతిమాలాడు.

అందరిదీ ఒకటే జవాబు: "ముందు ఓ ముక్క వేయించు, చూసి చెప్తాం."