పదింటికి ముందు సేవ చెల్లదు

మానవుడు ప్రకృతికి సేవ చేయదలిస్తే ఉదయం పదింటికి మొదలుపెట్టాలి. గ్రామీణ ప్రకృతి సేవాదళాల నియమావళిలో ఇది మొదటి నియమం. (అంతకుముందు ప్రకృతి సీట్లో ఉండదు.)

ఈ సంగతి పాపం పుష్పవతికి తెలియదు. ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటల్లో ఇరవయ్యేళ్లుగా మామిడికాయ కోసే మనిషి. తెల్లారకముందే తోటలో దిగడం, ఎండెక్కేలోపు కోత ముగించడం ఆమెకు అలవాటు. ఊరి కుంటకు తూము తలుపు విరిగి రెండేళ్లయింది. పడ్డ వాన పడ్డట్టే వాగులోకి పోతోంది, ఎండాకాలం గేదెలకు నీళ్లు లేవు. ఐదుగురు దళంగా ఏర్పడి కుంట శుభ్రం చేస్తే కొత్త తలుపు ఇస్తామని సేవాదళాల ఆఫీసువాళ్లు అన్నారు. పుష్పవతి తన కోత ముఠానే దళంగా రాయించింది. అడుగున మిగిలిన నీళ్లనిండా పట్టిన గుర్రపుడెక్కను ఐదుగురూ కలిసి తొమ్మిదికల్లా లాగి గట్టున పడేశారు.

పదింటికి దళాల ఉత్సాహ పర్యవేక్షణాధికారి పాండురంగారావు గారు బండి మీద వచ్చారు. శుభ్రంగా ఉన్న కుంటను చూసి ఆయన మొహం వాడిపోయింది.

“ఏంటమ్మా ఇది? పనికి ముందు ఫొటో ఏది?”

“పనైపోయిందండి.”

“ఫొటోలు ఎక్కించే యాప్ పదింటికి గాని తెరుచుకోదు. ఈలోపు చేసింది పని కిందికి రాదు.” మంచి మనిషి కాబట్టి ఆయనే దారి కూడా చెప్పారు. “ఆ డెక్క మళ్లీ లోపలెయ్యండి. ఫొటో తీశాక మళ్లీ తీద్దురుగాని.”

తలుపు కావాలి కాబట్టి వేశారు. ముఠాలో పెద్దావిడ మగ్దలేనమ్మ ఒక్కో మొక్కనూ నీళ్లలో సర్దుతూ, “ఇలాంటి పనులకి బాగా చదువుకోవాలేమోనే” అంది. అందరూ పగలబడి నవ్వారు. నవ్వులు ఫొటోలో పడ్డాయి. (సేవాభావం గడిలో పదికి పది వచ్చాయి.) తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో డెక్కంతా మళ్లీ తీశారు.

వారానికి తలుపొచ్చింది. వెంట ఒక కాగితం: బిగించకముందు ఖాళీ తూము ఫొటో లేకపోతే తలుపు వెనక్కి.

ఈసారి పదిదాకా ఆగుదామనే పుష్పవతి అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ తెల్లవారుజామున మైలవరం వైపు మబ్బు కమ్ముకొచ్చింది. అది చూశాక ఆమె చేతులు ఊరుకోలేదు. ముఠాను లేపి ఆరింటికల్లా తలుపు బిగించేసింది. ఏడింటికి వాన దంచికొట్టింది. పదయ్యేసరికి కుంటలో నడుంలోతు నీళ్లు. పుష్పవతికి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

పాండురంగారావు గారు గొడుగుతో వచ్చి గట్టున నిలబడ్డారు.

“ఖాళీ తూము కనబడాలమ్మా. లేకపోతే తలుపు రేపే వెనక్కి పంపాలి. కాస్త ఈ నీళ్లు తోడించెయ్యండి.”

పుష్పవతి వినయంగా ఒక బకెట్ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“పదైందిగా సార్. మొదలెట్టండి.”

నీళ్లు తోడే పని మొదలైనట్టు ఆయనే యాప్‌లో నొక్కారు. పని నడుస్తుండగా తలుపు వెనక్కి తీసుకోకూడదని కూడా నియమావళిలో ఉంది. యాప్ చూపిస్తున్న ప్రకారం పని ఇంకా నడుస్తూనే ఉంది.