గల్లీ ఆమోదించిన కొండ

విదేశంలో ఉద్యోగం చేస్తున్నంత మాత్రాన మనిషి విదేశంలో ఉన్నట్టు కాదు. మంచుకొండ ముందు నిలబడి ఫోటో దిగి, దాన్ని ఇంటికి పంపి, గల్లీ ఆమోదం పొందినప్పుడే ఉన్నట్టు. హైదరాబాదు ఛత్రినాకలో ఈ నిబంధన ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు గానీ, దాన్ని అమలుచేసే అధికారి ఎవరో అందరికీ తెలుసు. ఆమె మాణిక్యమ్మ. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. టికెట్ లేనివాణ్ణి మొహం చూసే పట్టేసేది. (పట్టుబడినవాళ్లలో పాసున్నవాళ్లు కూడా ఉన్నారు. అది వేరే సంగతి.)

ఆగమ్మ కూతురు స్వీటీ జర్మనీలో ఒక వృద్ధాశ్రమంలో నర్సు. పోయి రెండేళ్లయింది. ఇంటికి చాక్లెట్లు పంపింది, స్వెటర్ పంపింది, కొండ మాత్రం పంపలేదు. ఆమె ఉండే ఊరు దోసె పెనంలా చదునుగా ఉంటుంది. కొండ కావాలంటే ఐదు గంటలు రైల్లో పోవాలి.

"మంచు లేని ఫారిన్ ఏంది ఆగమ్మా? దుబాయ్‌ల గిట్ల ఎవరింట్లనన్న పనికి పెట్టిన్రేమో, మంచిగ అడుగు," అని మాణిక్యమ్మ నల్లా దగ్గర అందరి ముందు అన్నప్పటి నుంచి ఆగమ్మకు తిండి సయించడం లేదు.

స్వీటీకి చెప్పాల్సిన మాట ఒకటుంది. నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతోంది. ముసలివాళ్లను ఎత్తి దించి నడుం పడిపోయింది. మళ్లీ సంతకం పెట్టకుండా ఇంటికి వచ్చేయాలని ఉంది. కానీ "అమ్మా, నేనొకటి చెప్పాలె" అనగానే ఆగమ్మ "కొండ ఫోటో దిగినవా?" అనేది. ముందు కొండ, తర్వాతే మాట అని స్వీటీకి అర్థమైంది. పడుకుందామని దాచుకున్న ఒక్క సెలవునాడు రైలెక్కింది.

ఆ కొండ ఊరి పేరు బ్లూమెన్‌స్పిట్జ్. అక్కడ ఆనందానికి పక్కా ఏర్పాట్లున్నాయి. స్టేషన్‌లో ఒక చెక్క ఆవు, బటన్ నొక్కితే అరుస్తుంది. ప్రతి కిటికీకీ ప్లాస్టిక్ పూలు, ప్రతి దుకాణంలో అదే ఆవుమెడ గంట, అదే గోడగడియారం. కొండ చూడాలంటే యాప్‌లో సమయం తీసుకోవాలి. స్వీటీకి పన్నెండూ పది నుంచి పన్నెండూ పదమూడు వరకు వచ్చింది. "మీరు ఆశ్చర్యపోవడానికి సిద్ధమేనా?" అని యాప్ అడిగింది. (కింద "అవును" ఒక్కటే ఉంది.)

పన్నెండూ పదికి కొండ లేదు. అంతా పొగమంచు. ఈక గుచ్చిన టోపీ పెట్టుకున్న దృశ్య పర్యవేక్షకుడు ఏమాత్రం కంగారు పడకుండా తాడు లాగాడు. గుడ్డ మీద అచ్చేసిన కొండ పైనుంచి దిగింది. టికెట్టు కొండకే గానీ వాతావరణానికి కాదని, ఏడో నిబంధన చదువుకోవాలని అతను చెప్పాడు. కాళ్ల కింద దూది పరిచారు. స్వీటీ నవ్వబోతే ఆవులింత వచ్చింది. రెండో ఫోటోకు సమయం మిగల్లేదు.

ఛత్రినాకలో ఫోటో విచారణకు వచ్చింది. మాణిక్యమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"ఇది పత్తర్‌గట్టి షఫీఉద్దీన్ భాయ్ స్టూడియో పరదా. నా పెండ్లి ఫోటోల గూడ ఇదే కొండ. ఇగో, మూలకు మడత పడ్డది చూడు. కొండకు యాడనన్న మడత పడ్తదా?"

ఆగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. స్వీటీ రైలు టికెట్టు కూడా పంపింది. చదవరాని టికెట్టు చెల్లదని మాణిక్యమ్మ తోసిపుచ్చింది. అయినా మనసు మంచిది కాబట్టి, స్వీటీ చెల్లెలు అమలను పక్కకు పిలిచి దారి కూడా చెప్పింది: "షఫీఉద్దీన్ భాయ్ దగ్గరికే పో. అసలుది మంచిగ చేసిస్తడు."

షఫీఉద్దీన్ పరదాలు తీసేసి పదేళ్లయింది. (ఈ సంగతి విచారణలో పరిగణనలోకి రాలేదు.) ఇప్పుడంతా కంప్యూటరే. "కొండలు ఎన్ని గావాలె బేటా? మూడు పెడ్త. ఆవు ఫ్రీ," అన్నాడు. అక్క పోకముందు క్రిస్మస్‌కు చర్చి ముందు ఇద్దరూ దిగిన ఫోటోను అమల అమ్మకు చెప్పకుండా తెచ్చి ఇచ్చింది. అందులో స్వీటీ పగలబడి నవ్వుతోంది. పక్కనున్న అమలను, అక్క భుజం మీద వేసిన ఆమె చేతిని షఫీఉద్దీన్ చెరిపేసి, ఆ ఖాళీలో ఆవును నిలబెట్టాడు. అక్క మళ్లీ పంపిందని చెప్పి అమల దాన్ని అమ్మకు చూపించింది.

"గిదీ జర్మనీ అంటే!" అని మాణిక్యమ్మ ఒక్క చూపులోనే ఆమోదించింది.

ఆ సాయంత్రం ఆగమ్మే ఫోన్ చేసింది. రెండేళ్లలో మొదటిసారి కొండ ఊసెత్తకుండా అడిగింది.

"ఏదో చెప్తనన్నవ్ గద బిడ్డా?"

"కాంట్రాక్టు అయిపోతున్నదమ్మా. నేను ఇగ..."

"ఎర్కే, అమల చెప్పింది. ఫోటో చూసిన బిడ్డా, పానం నిమ్మలమైంది. ఈడున్నప్పుడు నువ్వు ఎన్నడన్న గిట్ల నవ్వినవా? గంత మంచిగున్నంక నాకేం ఫికర్. ఇంకో మూడేండ్లకు సంతకం పెట్టు."

అమల తనకూ పంపిన ఆ ఫోటోను స్వీటీ తెరిచి మళ్లీ చూసుకుంది. అంత నవ్వుతున్న మనిషి ఇంటికి ఎందుకు రావాలో ఆమెకూ కారణం కనిపించలేదు.