అంతా బాగున్న విమానం

ఒక పెద్ద అడవిలో, మంచు ఇంకా విడవని పొద్దున, బొరియల వీధి చివర నుంచి కేక వినిపించింది.

"తాతా, ఎక్కకు! నీకు దండం పెడతాను, ఆ విమానం ఎక్కకు!"

అరిచింది వడ్రంగిపిట్ట. తాత అంటే తాబేలు నిదానయ్య. ఆయన నెత్తిన టోపీ, చేతిలో టిఫిను కారియరుతో గడ్డిబయలు వైపు బయల్దేరాడు. ఆయన నడక మీకు తెలిసిందే, మధ్యాహ్నం అరిచినా ఆయన ఇంకా దార్లోనే ఉండేవాడు. అయినా పిట్టకి కంగారు. ఎందుకో చెబుతాను.

పన్నెండేళ్ల కిందట రెక్కల్లేని జంతువులన్నీ చందాలేసుకుని చిన్న విమానం కొన్నాయి. నాలుగు సీట్లది. దానికో క్లబ్బు, క్లబ్బుకి సెక్రటరీగా నక్క గారు. మెకానిక్కు వడ్రంగిపిట్ట. ముక్కుతో టకటక కొట్టి ఎక్కడ ఏం వదులైందో చెప్పేస్తుంది.

మొదట్లో రిపేరు ఖర్చు అందరూ పంచుకునేవారు. "నేను ఏడాదికోసారి ఎక్కుతాను, వాడు రోజూ ఎక్కుతాడు, ఇద్దరికీ ఒకటే లెక్కా?" అని పోట్లాటలు. అప్పుడు నక్క గారు లేచి రూలు పెట్టారు.

"ఎవరి వంతులో పాడైతే వాళ్లే బాగు చేయించాలి. దిగగానే పుస్తకంలో రాయాలి."

చప్పట్లే చప్పట్లు. ఇక చూడండి, ఆ రోజు నుంచి ఆ విమానం ఎవరి వంతులోనూ పాడవలేదు! పుస్తకం నిండా ఒకటే మాట: అంతా బాగుంది. ఇంత ఆరోగ్యమైన విమానం ఎక్కడా లేదని సింహం గారు శాలువా కప్పారు. విమానానికి కాదు, నక్కకి.

పుస్తకంలో లేనిది ముట్టుకోకూడదు గనక పిట్ట ఖాళీగా కూర్చుంది.

ఇక నిదానయ్య సంగతి. కొండ అవతల మడుగులో ఆయనకో అక్క ఉంది. చూసి ముప్పై ఏళ్లయింది. విమానం కొన్న ఏడాదే "చూపు తగ్గుతోందిరా, ఒకసారి రా" అని కబురు పెట్టింది. నడిచి వెళ్తే ఏడాది. అందుకని క్లబ్బులో చేరి, నెల తప్పకుండా చందా కట్టి, పన్నెండేళ్లు విమానం నడపడం నేర్చుకున్నాడు. లైసెన్సు నిన్ననే చేతికొచ్చింది. ఈ రోజు ఆయన వంతు.

ఆయన బయలు చేరేసరికి వీధి వీధంతా అక్కడుంది. నక్క గారు, ఎలుగు, కోతి దండ పట్టుకుని నిలబడ్డారు.

"ఏమిటమ్మా ఆ అరుపులు?" అన్నారు నక్క గారు.

"మనసాగక పొద్దున ముక్కుతో కొట్టి చూశాను. ఎడమ చక్రం కాలు బోలుగా మోగుతోందండీ."

"పుస్తకంలో ఉందా?"

"పుస్తకంలో లేదండీ. విమానంలో ఉంది."

"అయితే రాసుకో. ఈ రోజు వంతు నిదానయ్య గారిది, ఖర్చూ ఆయనదే. పెట్టుకోలేకపోతే వంతు రద్దు."

నిదానయ్య మొహం డిప్పలోకి వెళ్లిపోయింది. కాసేపటికి బయటికొచ్చింది.

"వద్దులేమ్మా. పెద్దవాళ్లు అంతా బాగుందని రాశారు, అబద్ధం రాస్తారా? నే వెళతాను." అంతలో ఆయన మొహం వెలిగింది. "మూడు సీట్లు ఖాళీగా పోతాయి, మీరూ రండి! మా అక్క తామర దుంపల పులుసు పెడుతుంది. సెక్రటరీ గారూ, మీరు ముందు సీట్లో, నా పక్కన."

ఆయన నిజంగానే పిలిచాడండీ, మనసులో ఇంకేం లేదు.

"నాకు మీటింగుంది," అన్నారు నక్క గారు.

"నాకు నడుం పట్టేసింది," అంది ఎలుగు.

"నాకు ఎత్తంటే భయం," అంది కోతి.

జనం గొల్లుమన్నారు. కుందేలమ్మ నడుం మీద చెయ్యేసుకుని ముందుకొచ్చింది. "కోతికి ఎత్తంటే భయమా? మా తాతని ఒక్కణ్ణే పంపిస్తారా? ఎక్కండి, ఎక్కండి!" అందరూ కలిసి ముగ్గుర్నీ లోపలికి తోసి తలుపేశారు.

నిదానయ్య బెల్టు పెట్టుకుని తాళం మీద చెయ్యేశాడు.

"ఆగు తాతా!" ఎలుగు బావురుమంది. "ఆ చక్రం కాలు విరగ్గొట్టింది నేనే. పోయిన వారం దభీమని దింపాను."

"ఓరి నీ దుంపతెగ!" అంది కోతి. "నేను నూనె గొట్టం తీగతో కట్టి దిగానే, ఆ బండినే దభీమని దింపావా?"

నక్క గారు సర్దుకుని కూర్చుని కిటికీలోంచి తల బయటపెట్టారు. "విన్నావా పిట్టా? ఇద్దరి పేర్లూ రాసుకో."

"పోన్లెండి, అవి బాగుచేసుకునే వెళదాం," అన్నాడు నిదానయ్య. "పెట్రోలు మటుకు నిండుగా ఉంది. ముల్లు ఫుల్లు మీదే ఉంది."

నక్క గారి చెవులు వాలిపోయాయి. "ఆ ముల్లు… ఎప్పుడూ అక్కడే ఉంటుంది."

"అదేమిటండీ?"

"తుమ్మబంకతో నేనే అతికించాను."

నక్క గారు గొంతు సవరించుకున్నారు. "అసలు ఇది ఉమ్మడి ఆస్తి. ఖర్చు కూడా ఉమ్మడిగా…"

"రూలు తమరిదే కదండీ సెక్రటరీ గారూ!" అంది కుందేలమ్మ.

ఎవరి రిపేరు వాళ్లే చేయించుకున్నారు. నక్క గారు శాలువా అమ్ముకున్నారు. పిట్టకి నాలుగు రోజులు చేతినిండా పని. ఐదో రోజు విమానం లేచింది. ఆ నలుగురే, అవే సీట్లు. ఈసారి ఎవరికీ నడుం నొప్పి రాలేదు.

మడుగు ఒడ్డున అక్క తమ్ముడి డిప్పంతా తడిమి చూసింది. "నువ్వేరా నిదానం! దేంట్లో వచ్చావు?"

"విమానంలో అక్కా! పన్నెండేళ్లు పట్టింది."

"నడిచొస్తే పదకొండేళ్ల ముందే వచ్చేవాడివి కదరా సన్నాసీ," అని కళ్లు తుడుచుకుని ఆకులు వేసింది.

సొంత రెక్కల మీద వచ్చిన పిట్టతో సహా అందరూ పులుసు చుట్టూ వరసగా కూర్చున్నారు. చాలాసేపటి వరకు ఎవరూ తలెత్తలేదు.

నీతి: నిజం చెప్పినవాడు బాగుపడతాడో లేదో నాకు తెలీదు గానీ, అబద్ధం రాసినవాణ్ణి ముందు సీట్లో కూర్చోబెడితే విమానం మాత్రం బాగుపడుతుంది.