ఇద్దరూ గెలిచిన యుద్ధం

అయ్యా, అమ్మా! మన సైన్యాన్ని బడి పుస్తకాలు రాసేవారి చేతిలో పెట్టండి. దేశానికి ఇక దిగులుండదు! వారు ఓడిన యుద్ధం ఒక్కటైనా ఉందా? ఒక్క సిపాయికీ ముల్లు గుచ్చుకోకుండా, అర పేజీలో శత్రువును తరిమేస్తారు. కింద చోటు మిగిలితే ఫిరంగి బొమ్మ!

నమ్మకం లేదా? దేశ రాజధానిలో, జనక్‌పురిలో ఉండే సదాశివరావుగారిని అడగండి. కేంద్ర ప్రభుత్వ గుమాస్తా. సంధ్య వార్చనిదే కాఫీ ముట్టరు. కూతురు శరణ్యది ఎనిమిదో తరగతి. హిస్టరీ తప్పితే పై క్లాసు లేదని స్కూలువారు ముందే చెప్పేశారు.

ఏటా ఆమె పుస్తకాలకు ఆయనే బ్రౌన్ పేపర్ అట్టలు వేసి, మూలలకు పసుపు రాసి, దేవుడి గూట్లో పెట్టి తీస్తారు. ఆఫీసు మిత్రుడు రంగనాథ్ లాహోర్ నుంచి తెచ్చిన అక్కడి ఇంగ్లీషు హిస్టరీ పుస్తకం కూడా అప్పుడు ఇంట్లోనే ఉంది. అడిగి తెచ్చుకున్నది మాసిపోకూడదని దానికీ అట్ట వేశారు. పసుపూ రాశారు. సరస్వతికి సరిహద్దులేమిటి?

ఇంకేముంది! అర్ధసంవత్సరం పరీక్షకు 1965 యుద్ధం పాఠాన్ని శరణ్య కంఠతా పట్టి రాసి వచ్చింది. తండ్రి అట్ట విప్పి చూసి నీరుగారిపోయారు.

"కొంప ముంచావే! నువ్వు చదివింది వాళ్ల పుస్తకం!"

"ముఝే క్యా పతా? నాకేం తెలుసు? అట్టలు వేసింది మీరే కదా, నాన్నా!"

మార్కులు వచ్చాయి. పదికి పది! పక్కన ఎర్ర సిరాతో 'వెరీ గుడ్'!

ఎలాగంటారా? రెండు పుస్తకాల్లోనూ శత్రువు దొంగచాటుగా వచ్చాడు. మన వీరులు విజృంభించారు. శత్రువు కాళ్లబేరానికి దిగాడు. పాఠం నిండా 'మనం', 'శత్రువు' అన్న మాటలే. దేశం పేరు వేసే తీరిక ఎవరికీ లేదు! ఒకటే పుస్తకం అచ్చేసి ఇద్దరూ పంచుకుంటే ఎంత కాగితం ఆదా!

సదాశివరావుగారికి మాత్రం మనసొప్పలేదు. పొరుగు పాఠంతో తెచ్చుకున్న మార్కులు ఒంటికి పట్టవని, కూతురిచేత దగ్గరుండి మన పుస్తకం వల్లె వేయించారు. సంవత్సరాంత పరీక్షలో మళ్లీ అదే ప్రశ్న. శరణ్య పాఠమంతా పొల్లుపోకుండా రాసింది. చివర ఒక్క వాక్యం సొంతంగా కలిపింది: 'మా పై అంతస్తు అనసూయ ఆంటీ భర్త ఆ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు.'

టీచరమ్మ పిలిచి నిలదీసింది.

"బేటా, ఇది ఏ కితాబ్‌లో ఉంది?"

"ఏ కితాబ్‌లోనూ లేదు మేడమ్. రెండూ చూశాను."

జవాబుకు సున్నా. ఆ పది మార్కులూ పోయి హిస్టరీ తప్పింది. శరణ్య మళ్లీ ఎనిమిదిలోనే కూర్చుంది.

న్యాయమే కదండీ! పుస్తకంలో చావని మనిషిని పరీక్షలో చంపడం ఎంత పాపం!